ఉప్పుటేట్లో దొరికిన కారు

"నంబరు రాజు కారుదేనండీ. కానీ ఇది ఆ కారు కాదు," అంది నిస్సీ.

షెడ్డులో అందరూ కారు వైపు తిరిగారు. కారు తలుపుల సందుల్లోంచి బురదనీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

ముందుగా తేరుకున్నవాడు చలపతిరావు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దర్యాప్తు చేయడానికి విజయవాడ నుంచి వచ్చాడు. ఆర్.సి. కాపీని మడిచి జేబులో పెట్టుకుంటూ, నిస్సీని వదిలేసి ఆమె పక్కనున్న వసుంధర వైపు చూశాడు.

"ఎవరమ్మా ఈవిడ?"

"నా క్లయింటు సార్."

"వెంకట్రాజుకి బంధువా?"

వసుంధర నిస్సీ వైపు చూసింది. పొద్దున్న ఏలూరులో తన డిటెక్టివ్ ఆఫీసు తాళం తీస్తుండగా మెట్ల మీద కూర్చుని ఉన్న నిస్సీని తను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. చెన్నై నుంచి సొంతూరు తాడేపల్లిగూడెం వచ్చి, అక్కణ్ణుంచి తెల్లవారు బస్సెక్కిందట. నలభై ఏళ్లుంటాయి. నిద్ర లేని కళ్లు. 'వెంకట్రాజు గారు మీకేమవుతారు?' అంటే, 'ఏమీ అవరండీ' అంది. మళ్లీ తనే, 'అందుకే మీ దగ్గరికొచ్చాను. ఏమన్నా అయ్యేదాన్నయితే తిన్నగా పోలీసుల్నే అడిగేదాన్ని' అంది.

ఆ ఒక్క మాటతోనే వసుంధర కేసు తీసుకుంది.

కలిదిండిలో రొయ్యల చెరువులున్న వెంకట్రాజు బుధవారం రాత్రి నుంచి కనిపించడం లేదు. గురువారం తెల్లారుతుండగా వలలు తీయడానికి వెళ్లినవాళ్లకి ఉప్పుటేట్లో ఒక కారు పైకప్పు కనిపించింది. క్రేనుతో లాగితే, అతను ఈమధ్యే కొన్న హాల్‌బర్గ్ కారు. జిల్లాలో అలాంటిది ఇంకొకటి లేదని అందరూ చెప్పుకున్న విదేశీ కారు. లోపల మనిషి లేడు. పోలీసులు నిన్నటి నుంచీ పడవల మీద శవం కోసం వెతుకుతున్నారు. కారుని మాత్రం ఏలూరు బైపాసు పక్కనున్న ఈ షెడ్డుకి తెచ్చి పెట్టారు.

"చూడమ్మా వసుంధరా," అన్నాడు చలపతిరావు. ఎనిమిదేళ్లు అతని కిందే సర్వేయరుగా పనిచేసింది ఆమె. ఉద్యోగం మానేసి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నా అతని పిలుపు మారలేదు. "ఛాసిస్ నంబరు సరిపోయింది. ఇంజను నంబరు సరిపోయింది. అతని చెప్పులు కారులో దొరికాయి. చీకట్లో మలుపు చూసుకోక ఏట్లో పడ్డాడు. పోటుకి శవం కొట్టుకుపోయింది. సాయంత్రానికి నా రిపోర్టు వెళ్లిపోవాలి."

"డ్రైవరు సీటు చూశారా సార్?"

"ఏం, సీటుకేమైంది?"

వసుంధర తలుపు తీసింది. సీటు బాగా ముందుకి జరిపి ఉంది. స్టీరింగుకీ సీటుకీ మధ్య జానెడు జాగా.

"వెంకట్రాజు గారి ఎత్తెంతండీ?" అని నిస్సీని అడిగింది.

"ఆరడుగులండీ. బస్సులో కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకి తగిలేవి."

"ఆరడుగుల మనిషి ఇక్కడ కూర్చుని కారు నడిపాడంటారా సార్?"

"నీళ్లలో పడ్డ కారమ్మా ఇది. కరెంటు సీటు. తడిస్తే ఎటు కదులుతుందో ఎవడు చెప్పగలడు?"

"నీళ్లు చప్పున నిండేలా నాలుగు అద్దాలూ దింపి ఉన్నాయి. అవి కూడా తడిసి దిగాయా?"

చలపతిరావు మొహం ఎర్రబడింది. "అతనికి ఏసీ పడలేదేమో! ప్రతి దాంట్లో హత్య వెతికితే ఎలా? నా దగ్గరున్నప్పుడూ నీది ఇదే వరస. అందుకే నీ ఫైళ్లు ఎప్పుడూ ఆలస్యం."

"తప్పు ఫైలు ఒక్కటి కూడా లేదు సార్."

వసుంధర కారు ముందుకి వెళ్లి, చేతిరుమాలుతో అద్దం కింది మూల బురద తుడిచింది. గోరంత అక్షరాలు బయటపడ్డాయి. వంగి చదివింది. పరదేశపు ఊరి పేరు.

"ఫొటో చూపించండి నిస్సీ గారూ."

నిస్సీ ఫోను తీసింది. కారు కొన్న రోజు వెంకట్రాజు పంపిన ఫొటో. అద్దం మూల పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. అతను దాని పక్కన నిలబడితే ఎవరో దగ్గరగా తీశారు. బొట్టు పక్కన ముద్ర స్పష్టంగా పడింది. అందులో ఉన్నది పరదేశపు ఊరు కాదు. మేడ్ ఇన్ ఇండియా.

"ఇది మేం వేసే అద్దమండీ," అంది నిస్సీ. "నేను హాల్‌బర్గ్ వాళ్ల చెన్నై ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఈ మోడల్ రెండు రకాలుగా వస్తుంది. పూర్తిగా తయారై ఓడలో వచ్చేది ఒకటి. భాగాలుగా పెట్టెల్లో వస్తే మేం ఇక్కడ బిగించేది ఒకటి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. మేం బిగించేవాటికి అద్దాలు మాత్రం ఇక్కడివే. రాజు నాకు ఫొటో పంపిన కారు మాది. ఈ షెడ్డులో ఉన్నది ఓడలో వచ్చింది."

"అద్దం పగిలితే మార్పించి ఉండొచ్చు కదమ్మా," అన్నాడు చలపతిరావు.

"డిక్కీ తెరవండి," అంది నిస్సీ.

షెడ్డు మెకానిక్కు తెరిచాడు. నిస్సీ తడి కార్పెట్టు ఎత్తి చూపించింది. కింద చదునైన రేకు, దాని పక్కన బ్యాటరీ.

"ఓడలో వచ్చేవాటికి స్టెప్నీ ఉండదండీ. పంక్చరైనా పరిగెత్తే టైర్లు వేసి పంపుతారు. మన రోడ్లని చూసి మేం స్టెప్నీకి గుంట పెట్టి చక్రం ఇస్తాం. అద్దం మార్చొచ్చు. రేకు మార్చలేరు కదా."

చలపతిరావు డిక్కీలోకి చూడలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. "కాగితాలున్నది ఈ కారుకి. మేం పాలసీ ఇచ్చింది ఈ కారుకి. మీ ఫొటోలో ఉన్నది ఎవరి కారో నాకనవసరం," అనేసి ఫోను చెవిలో పెట్టుకుని బయటికి నడిచాడు.

*

వసుంధర తన చిన్న కారు స్టార్టు చేసి, ఏసీ పెట్టి, ఎక్కడికీ కదలకుండా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి. మొదటి నుంచి."

నిస్సీ ఒళ్లోని ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. "తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు కలిసి చదివామండీ. మా నాన్న సత్యవేదం మాస్టారు, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్లు రాజులు. వాళ్లింట్లో ఒప్పుకోలేదు. మా ఇంట్లోనూ ఒప్పుకోలేదు. ఇద్దరం గట్టిగా నిలబడతామనుకున్నాం గానీ, అతను వాళ్ల నాన్నకి ఎదురు చెప్పలేకపోయాడు, నేను మా నాన్నని ఏడిపించలేకపోయాను. నేను చెన్నై వెళ్లిపోయాను. అంతే. పద్దెనిమిదేళ్లు ఒక్క మాట లేదు."

"మీరు పెళ్లి..."

"లేదండీ. అతనూ చేసుకోలేదని ఈమధ్యే తెలిసింది."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. అది దూరమయ్యేదాకా నిస్సీ ఆగింది.

"మా బ్యాచి గ్రూపులో ఎవరో నన్ను చేర్చారు. నిస్సీ హాల్‌బర్గ్ కంపెనీలో ఉందని ఎవరో రాశారు. ఏదో ఆఫీసులో కూర్చుంటాననుకున్నాడట. కార్లు బిగించేచోట నేనుంటానని అతనికి తట్టలేదు. మూణ్ణెల్ల తర్వాత ఒక రోజు ఫొటో వచ్చింది. ఇన్నేళ్లకి మొదటి మెసేజి. కింద 'మీ కంపెనీదే, అక్కణ్ణుంచి తెప్పించాను' అని రాశాడు. నేనా రోజంతా ఫొటో చూస్తూనే ఉన్నాను. ముందు అతన్ని చూశాను. జుట్టు నెరిసింది. తర్వాత కారు చూశాను. బొట్టు పక్కన ముద్ర కనపడింది."

"చెప్పారా?"

"చెప్పకుండా ఉండాల్సింది," అంది నిస్సీ. "ఫోన్ చేసి చెప్పాను. 'నిన్ను మోసం చేశారు రాజూ, అది విదేశీది కాదు, మా దగ్గర బిగించింది. డబ్బు వెనక్కి అడుగు' అన్నాను. అవతల ఎంతసేపటికీ మాట లేదు. కోపమొచ్చిందనుకున్నాను. 'అంటే ఇది నీ దగ్గరనుంచే వచ్చిందా?' అన్నాడు. నాది చివరి తనిఖీ అండీ. బయటికెళ్లే ప్రతి కారునీ లైట్ల కింద చేత్తో తడిమి చూస్తాను, సొట్టలేమన్నా ఉన్నాయేమోనని. అదే చెప్పాను. అప్పుడు... నవ్వాడండీ. 'అయితే నాకు ఇదే కావాలి నిస్సీ. వాళ్లెన్ని డబ్బులిచ్చినా వెనక్కివ్వను' అన్నాడు."

వసుంధర ఏసీ తగ్గించింది.

"దీన్ని ఏ రోజు తనిఖీ చేశానో చెప్పగలనా అన్నాడు. అసలు ఛాసిస్ నంబరుంటే చెప్పగలనన్నాను. ఇతని కారు మీద వేరే నంబరు కొట్టారు. 'అయితే అసలు నంబరు అడుగుతాను. ఆ రోజు నేనెక్కడున్నానో, ఏం చేస్తున్నానో గుర్తు చేసుకోవాలి' అన్నాడు. అది అడగడానికే వెళ్లాడండీ. అమ్మినాయన నంబరివ్వలేదు. దానికి బదులుగా నిజమైన విదేశీ కారు ఇచ్చేస్తాను, దీన్ని వదిలెయ్యమన్నాడట. రాజు ఒప్పుకోలేదు."

"డబ్బడిగితే ఇచ్చి నోరు మూయించేవాళ్లు," అంది వసుంధర మెల్లగా. "కొత్త కారు తీసుకున్నా గొడవ తేలిపోయేది. ఈయన అడిగింది వాళ్లివ్వలేనిది. అసలు నంబరు బయటికొస్తే వాళ్ల దొంగ వ్యాపారమంతా బయటికొస్తుంది."

గేరు వేసింది. "ఆ అమ్మినాయన పేరేంటన్నారు?"

"విశ్వనాథ్."

*

ఊరి చివర అద్దాల షోరూము. బల్ల వెనక కుర్చీని బాగా ఎత్తుకి లేపి కూర్చున్నాడు విశ్వనాథ్. యాభై ఏళ్లుంటాయి. నుదుటి మీద గంధం, మొహం మీద దిగులు.

"ఆయ్, రండి మేడమ్. కూర్చోండి. కాఫీ తెప్పించనాండీ? వెంకట్రాజు గారి వార్త విన్నప్పటి నుంచీ నాకు అన్నం సయించట్లేదండీ. బంగారం లాంటి మనిషి."

"ఆయన ఈ కారు ఎంచుకోవడానికి చాలా ఆలోచించారటగా?"

"మూణ్ణెల్లండీ. రోజు మార్చి రోజు వచ్చేవారు. ఇదిగో, మీరు కూర్చున్న కుర్చీలోనే. ఇక్కడ బిగించింది తీసుకోండి, ధర దాదాపు సగం, సర్వీసు సులువు, మన గుంతలకి తగ్గట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది అని నేనే చెప్పానండీ. ఏదీ దాచలేదు. ఇంటికెళ్లేవారు, మళ్లీ వచ్చేవారు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవారు."

"మరి విదేశీదే ఎందుకు తీసుకున్నారు?"

"నేనూ అడిగానండీ. 'ఒక మనిషికి ఫొటో పంపాలి విశ్వనాథ్ గారూ. నేనేదో తక్కువలో సరిపెట్టుకున్నానని ఆ మనిషి అనుకోకూడదు' అన్నారు."

నిస్సీ లేచి వెళ్లి అద్దాల గోడ దగ్గర నిలబడింది. వసుంధర ఆమె వైపు చూడలేదు. విశ్వనాథ్ చేతుల్నే చూస్తోంది.

"కారు అప్పజెప్పిన రోజు మీరే దగ్గరున్నారా?"

"నేనేనండీ. అలాంటివి కుర్రాళ్లకి వదలను. తాళాలు, పుస్తకం, జాకీ, స్టెప్నీ, అన్నీ నేనే చూపించి..."

"స్టెప్నీ ఎక్కడుంటుందండీ?"

"డిక్కీలో కింద..." విశ్వనాథ్ ఆగిపోయాడు.

"ఉప్పుటేట్లో దొరికిన దాని డిక్కీ ఇప్పుడే చూసొస్తున్నాను. స్టెప్నీ లేదు. పెట్టడానికి చోటు కూడా లేదు."

"అలవాటులో అనేశానండీ. రోజుకి ఎన్ని కార్లు చూపిస్తాం! విదేశీ దాంట్లో ఉండదు, నిజమే." నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

వసుంధర షోరూము మధ్యలోకి చూసింది. తళతళలాడే నేల మీద ఎర్ర కార్పెట్టు పరిచి, చుట్టూ తాడు కట్టి ఉంది. దాని మధ్యలో ఏమీ లేదు. నాలుగు టైర్ల అచ్చులు మాత్రం కార్పెట్టు మీద నొక్కుకుపోయి ఉన్నాయి.

"ఇక్కడ ఒక కారుండేదిగా?"

"నడిపి చూపించడానికి పెట్టామండీ. సర్వీసుకెళ్లింది."

"ఓడలో వచ్చినదేనా?"

"అదేనండీ."

"కొనేవాళ్లకి దాన్ని చూపిస్తారు. అప్పజెప్పేటప్పుడు ఇక్కడ బిగించిన దాని మీద నంబర్లు మార్చి ఇస్తారు. అవునా?"

"మేడమ్!" అన్నాడు విశ్వనాథ్. గొంతు మాత్రం పెంచలేదు. "ఆడవాళ్లని ఊరుకుంటున్నానండీ. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. దొరికిన కారుకీ వాటికీ తేడా లేదని ఇన్సూరెన్సు చలపతిరావు గారే ఇందాక ఫోన్లో చెప్పారు. ఎవరో ఒకావిడ వచ్చి ఇది వేరే కారంటోందని నవ్వారు కూడాను."

వసుంధర లోపల తిట్టుకుంది. చలపతిరావు నోటి దూల వల్ల వీళ్లు రాకముందే ఇతనికి కబురందింది. ఇక తాడు కొంచెం లాగి చూడాల్సిందే. లేచి హ్యాండుబ్యాగు భుజానికి తగిలించుకుంటూ, మామూలుగా అన్నట్టు అంది:

"సరేనండీ. ఆ రెండో కారు మాకు కనపడింది. మిగతా సంగతులు దాన్ని చూసి మాట్లాడుకుందాం."

"ఎక్కడ?"

ఆ మాట అతని నోట్లోంచి ఊడిపడింది. కుర్చీలోంచి కిందికి దూకినట్టు లేచాడు. లేచి నిలబడితే బల్ల అతని నడుముకంటే పైకొచ్చింది.

వసుంధర అతన్ని తలనుంచి కాళ్లదాకా చూసి, నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

*

"ఏ రెండో కారని అడగలేదు," అంది కారులో కూర్చోగానే. "ఎక్కడని అడిగాడు. షెడ్డులో చూసిన సీటు ఇతనికి సరిగ్గా సరిపోతుంది. షోరూములో కారుకి రాజు గారి నంబరు ప్లేట్లు తగిలించి ఏట్లోకి తోసింది వీళ్లే. కాగితాలు దాని పేరనే ఉన్నాయి కాబట్టి అంతటితో కేసు మూసేస్తారనుకున్నారు. కానీ ఒకటి చూడండి నిస్సీ గారూ. వాళ్లు ఇంకా వెతుకుతున్నారు. రెండో కారు వాళ్ల దగ్గర లేదు. దాంట్లో ఎక్కి పారిపోయిన మనిషి కూడా వాళ్లకి చిక్కలేదు."

నిస్సీకి ఆ మాట చేరడానికి కొంచెం సమయం పట్టింది. చేరాక, చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఏడవకండి. బుధవారం మీతో చివరిగా ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి."

"సాయంత్రం చేశాడు. 'వీళ్ల మనుషులు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు నిస్సీ. కారుని ఇంటి దగ్గర పెట్టట్లేదు. చల్లటి చోట పెట్టాను' అన్నాడు. నీడలో ఎక్కడో పెట్టాడనుకున్నాను."

"చల్లటి చోటంటే?"

నిస్సీ కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు ఆమె మొహం మారిపోయి ఉంది.

"ఐసు ఫ్యాక్టరీ. కలిదిండి దాటాక, కాలవ గట్టు మీద. ఆ రోజుల్లో వాళ్ల నాన్న లీజుకి నడిపేవారు. తర్వాత మూతబడిపోయింది. చదువుకునేటప్పుడు మా క్లాసు వాళ్లందర్నీ ఒకసారి చెరువులు చూపించడానికి తీసుకెళ్లాడు. మే నెల. మిగతావాళ్లు గట్ల మీదకి పోయారు. అతను ఐసు గది తలుపు తీసి నన్ను లోపల నిలబెట్టాడు. 'ఇక్కడుంటే ఎండాకాలమొచ్చినట్టే తెలీదు' అన్నాడు. నాకు చలేసింది. తలుపు మూసుకుపోతుందేమోనని అతను దాన్ని పట్టుకునే నిలబడ్డాడు, నేను చాలనేదాకా." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "అంతేనండీ. అంతకంటే ఏం జరగలేదు. చెన్నైలో ఎన్నిసార్లు గుర్తొచ్చేదో!"

కైకలూరు రోడ్డెక్కాక వసుంధర చలపతిరావుకి ఫోన్ చేసింది. తను చెబితే పోలీసులు పడవలు వదిలి రారు. అతను చెబితే వస్తారు.

"కలిదిండి పాత ఐసు ఫ్యాక్టరీకి వెళ్తున్నాను సార్. వెంకట్రాజు బతికి ఉండొచ్చు. ఇన్‌స్పెక్టరుకి చెప్పి జీపు పంపించండి. ఈ ఒక్కసారి నా మాట వినండి."

"మొదలెట్టావా మళ్లీ!" అని ఫోన్ పెట్టేశాడు.

కలిదిండి దాటి గట్టెక్కేసరికి పొద్దు వాలుతోంది. ఫ్యాక్టరీకి ముందున్న కల్వర్టు సగం కూలి ఉంది. వసుంధర తన కారుని ఇవతలే ఆపింది. మట్టిలో వెడల్పాటి టైర్ల అచ్చులు, కూలని సగం మీంచి జాగ్రత్తగా దాటి, తిన్నగా లారీలు లోపలికెళ్లే పెద్ద తలుపు కిందికి వెళ్లాయి.

తలుపుకి తాళం లేదు. లోపల గడియ వేసి ఉంది.

నిస్సీ తలుపుకి మొహం ఆనించింది. "రాజూ," అంది.

లోపల అలికిడి లేదు. వసుంధర పక్కనున్న కిటికీ చువ్వలు లాగింది. తుప్పు పట్టినవి, ఊడొచ్చాయి. ముందు నిస్సీ దూరింది.

చీకట్లో కారు బూడిదరంగులో నిలబడి ఉంది. వెనక సీటులో, ఒక కాలికి తువ్వాలు చుట్టుకుని, తల తలుపుకి ఆనించి, వెంకట్రాజు. తువ్వాలు నల్లగా ఎండిపోయింది. ఒళ్లు పొయ్యిలా కాలుతోంది.

నిస్సీ అతని చెంప మీద చెయ్యి వేసింది. అతను కళ్లు తెరిచాడు. చాలాసేపు చూశాడు. జ్వరంలో కనపడుతోందనుకున్నాడేమో, మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు.

"నువ్వేనా?"

"నేనే."

"ఇనపరాడ్డుతో కొట్టారు. చెప్పులక్కడే పడిపోయాయి. ఫోను లాక్కున్నారు. కారు మాత్రం ఇవ్వలేదు నిస్సీ."

"తెలుసు," అంది ఆమె. "మాట్లాడకు."

"జుట్టు నెరిసింది నాకు."

"ఫొటోలో చూశాను. మాట్లాడకు రాజూ."

వసుంధర డిక్కీ తెరిచి చూసింది. కార్పెట్టు కింద గుంటలో స్టెప్నీ ఉంది. ఫొటో తీస్తుండగా ఆమె ఫోను మోగింది. చలపతిరావు. గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"వసుంధరా, ఎక్కడున్నావమ్మా? మళ్లీ షెడ్డుకెళ్లి ఆ డిక్కీ కింద నేనే చూశాను. నువ్వన్నది నిజం. ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, బయల్దేరారు. కానీ..." ఆగాడు. "అంతకుముందే విశ్వనాథ్ ఫోన్ చేశాడు. నవ్వుతూ అన్నానమ్మా, వసుంధర కలిదిండి ఐసు ఫ్యాక్టరీకి శవాన్ని బతికించడానికెళ్లిందని. చాలాసేపైంది. మీరక్కడ ఉండకండి. వెంటనే బయటపడండి."

వసుంధర పెద్ద తలుపు గడియ తీసి ఒక రెక్క తోసింది. గట్టు పొడుగునా వాలిన ఎండ. రెండు పక్కలా చెరువులు. దూరంగా దుమ్ము లేపుకుంటూ ఒక జీపు వస్తోంది. పోలీసులది కాదు.

"మనిషిని నా కారుదాకా మోసుకెళ్లే టైము లేదు," అంది. "దీన్ని ఇక్కడ వదిలేస్తే సాక్ష్యం కూడా పోతుంది. తాళం ఎక్కడుందండీ రాజు గారూ?"

వెంకట్రాజు పిడికిలి విప్పాడు. వసుంధర అందుకోబోయేలోపే నిస్సీ తీసుకుంది. డ్రైవరు సీటులో కూర్చుని, సీటు ముందుకి జరిపి, అద్దం సరిచేసింది. ఇంజను చప్పుడు ఖాళీ గోడల మధ్య మారుమోగింది. వసుంధర రెండో తలుపు రెక్క కూడా తోసేసి, పరుగున వచ్చి పక్క సీటులో పడింది.

కల్వర్టు మిగిలిన సగం మీంచి రెండు చక్రాలు అంచునే దాటాయి. వసుంధర చిన్న కారుని రాసుకుంటూ గట్టెక్కారు. ఎదురుగా వస్తున్న జీపు ఆగింది. తర్వాత మెల్లగా తిరిగి దారికి అడ్డంగా నిలబడింది. విశ్వనాథ్ దిగాడు. చెయ్యెత్తి, చుట్టాలని ఆపినట్టు మర్యాదగా ఆగమన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో రాడ్డుంది.

జీపు వెనక భాగానికీ చెరువుకీ మధ్య కొంచెం జాగా ఉంది. కారు పట్టేంత ఉందో లేదో వసుంధరకి తెలియలేదు.

"సీటు బెల్టు పెట్టుకోండి మేడమ్," అంది నిస్సీ. ఆమె చూపు ఆ జాగా మీదే ఉంది.

వెనక సీటులోంచి వెంకట్రాజు ఎలాగో తల ఎత్తాడు. "నిస్సీ... గీత పడుద్దేమో."

"పడనీ," అంది ఆమె. యాక్సిలరేటరు మీద పాదం గట్టిగా నొక్కింది.